నూరుపాళ్ళు పూసిన ఒంటి మొక్క

మడి దున్నాడని ఒక మనిషి మడి లాక్కుంటున్నారు. మడి దున్నలేదని కూడా ఆ మనిషి దగ్గరే, ఆ మడినే లాక్కుంటున్నారు. రెండు నేరాలూ ఒకే కాగితం మీద, ఒకే సంతకం కింద మోపారు. ఆ కాగితం తేదీ 1937 ఆగస్టు 3. అసలు ప్రతి నా దగ్గర ఉంది. నమ్మనివారు వచ్చి చదువుకోవచ్చు.

ఆ మనిషి పేరు ముత్యాలరాజు. ఊరు కొల్లేటి అంచున ఉన్న నత్తలలంక. నేను ఆ పక్క ఊళ్ళో ముప్పైయేళ్ళు బడి చెప్పి మానుకున్నవాణ్ణి. అతనికి వచ్చిన ప్రతి ఉత్తరం చదివి వినిపించినవాణ్ణీ, ప్రతి జవాబూ రాసి నకలు దాచినవాణ్ణీ నేనే. కాబట్టి ఇందులో ఊహించి చెప్పేది ఏమీ లేదు.

ముత్యాలరాజు ముప్పైరెండేళ్ళు వచ్చేదాకా నాగలి పట్టలేదు. అతని తాత, తండ్రి కొల్లేటిలో మావులు పెట్టి బతికినవాళ్ళు. మావు అంటే వెదురు బద్దలతో అల్లిన చేపల బుట్ట. ఇతను నీటి మీద ముడత చూసి కింద పోతున్న చేప జెల్లో, వాలుగో, కొర్రమీనో చెప్పగలడు. అక్షరం రాదు, వేలిముద్ర వేస్తాడు. అయితే మాట విషయంలో అతనికున్న పట్టుదల చదువుకున్నవాళ్ళలో నేను చూడలేదు. ఒకసారి ఆకివీడులో ఒక పెద్దింటికి బతికున్న కొర్రమీలు రెండు తెస్తానని మాట ఇచ్చి, చెప్పిన ఆదివారానికి తీసుకుపోయాడు. ఆ ఇంట్లో ఆ రోజే పురుడు వచ్చింది. "ఇప్పుడు కాదు, ఉంచు" అన్నారు వాళ్ళు. ఉంచాడు. పదకొండు రోజులు రెండు చేపల్నీ కుండలో పెట్టి, పూటపూటకీ నీళ్ళు మార్చి బతికించాడు. పన్నెండో రోజు వాళ్ళు ఆ సంగతే మరిచిపోయారు. చేపల్ని తిరిగి కొల్లేట్లో వదిలి వచ్చి, "ఉంచమన్నారు, ఉంచాను" అన్నాడు. ఇతని జీవితంలో జరిగిన అనర్థమంతా ఈ గుణం వల్ల జరిగిందే.

ఇక రెండో పక్షం. ఏలూరులో 'డెల్టా పచ్చిరొట్ట ప్రయోగ సంఘం' అని ఒకటి ఉంది. దాని శాఖ తాడేపల్లిగూడెంలో ఉంది. కొల్లేటి అంచు నేలను సంఘం గుత్తకు తీసుకుని, లంక కుటుంబాలకు ఇంటికి ఎకరం చొప్పున ఏటికేడాది సాగుకు ఇస్తుంది. సంఘం ఇచ్చిన పచ్చిరొట్ట విత్తనం పెంచాలి, పూత మీద ఉండగా నేలలో కలిపి దున్నాలి, తరువాత వరి నాటుకోవాలి. ఉద్దేశం మంచిదే, నేనూ మెచ్చుకున్నాను. 1935లో ముత్యాలరాజుకు పద్నాలుగో నంబరు మడి దక్కింది. ఆ ఏడు జీలుగ వేసి కలియదున్నాడు, వరి బాగా పండింది. సొంతంగా పండించిన బియ్యం ఆ ఇంట్లో ఉడకడం అదే మొదలు. అతని భార్య గంగారత్నం ఆ మొదటి అన్నం కూర లేకుండా వట్టిదే తిన్నదట. రుచి తెలియాలని.

1936 అక్టోబరులో తాడేపల్లిగూడెం నుంచి పట్టాభిరామయ్య వచ్చాడు. సంఘంలో ఇతనిది డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగం, అంటే రైతులకు చేసి చూపించే పని. భీమడోలులో రైలు దిగి, సైకిలు మీద కొంత, దోనె మీద కొంత వచ్చి, చంకలోంచి గుడ్డసంచి ఒకటి తీశాడు.

"ఇది చీనా దేశపు పచ్చిరొట్ట, ముత్యాలరాజూ. ఊదారంగు పువ్వు పూస్తుంది. వేళ్ళకు బుడిపెలుంటాయి, బలమంతా ఆ బుడిపెల్లోనే. పూత మీద దున్నేస్తే నేల వెన్నయిపోతుంది."

"దీని పేరేంటండీ?"

"పేరు ఇంగ్లీషులో ఉంది. మనం చీనా పిల్లిపెసర అనుకుందాం."

"పూసినదాన్ని చూస్తూ చూస్తూ దున్నేయాలాండీ?"

"దున్నాలి. కాని తనిఖీ అయ్యాకనే. ఇనస్పెక్టరు గారు పూత చూసి సంతకం పెట్టేదాకా మడిలో నాగలి దింపకూడదు. అది ఏడో షరతు. జూలై నెలాఖరులోగా దున్ని దమ్ము చేసి తీరాలి. అది పదకొండో షరతు. ఏది తప్పినా మడి సంఘానికి పోతుంది. చదివి వినిపించాను కదా, వెయ్యి వేలిముద్ర."

ముద్రించిన ఆ పదహారు షరతులూ నా దగ్గర ఉన్నాయి. ఎకరమంతా పంట పరుచుకుని నిలుస్తుందన్న నమ్మకంతో రాసినవి అవి.

మన డెల్టాలో విత్తనం చేతికి వస్తే మనిషి ముందు చేసే పని మండె కట్టడం. వడ్లు ఒక పగలూ రాత్రీ నానబెట్టి, గోనెసంచిలో మూటగట్టి, మీద గడ్డి కప్పి బరువు పెడితే మూడోనాటికి తెల్లగా మొలక వస్తుంది. ముత్యాలరాజుకు తెలిసిన వ్యవసాయమంతా వరే. కనుక చీనా విత్తనాన్నీ మండె కట్టాడు. మూడోనాడు విప్పితే గింజలు రాళ్ళలా ఉన్నాయి. మళ్ళీ నానబెట్టి మళ్ళీ కట్టాడు. ఏడోనాటికి ఇల్లంతా వాసన.

"ఏవండీ, చీనావాళ్ళ గింజలకి మీరు పురుడు పోస్తున్నారా? ఇంట్లో ముద్ద దిగట్లేదు" అంది గంగారత్నం.

"తొందరపడకే. ఎంతో దూరం నుంచి వచ్చినయ్యి. అలిసిపోయుంటాయి."

పదోనాడు ఆవిడ ఓర్పు తీరింది. పిడికెడు గింజలు తీసి, మినుములు పొట్టు తీసినట్టు రోటి గరుకు మీద పెట్టి రాసింది. "పొట్టు ఊడదీయకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుంది? ఇదేమన్నా రాజుల కోటా?" అని, చితికినవీ చితకనివీ తీసుకుపోయి మడిలో తూర్పు మూల విసిరేసి వచ్చింది. సంచిలో మిగిలినవన్నీ కుళ్ళిపోయాయి. విసిరిన వాటిలో ఒకటి మొలిచింది.

ఒకటి. ఎకరం నేలకు ఒకే ఒక మొక్క.

పట్టాభిరామయ్య వచ్చి చూసి, సంచితో పాటు తాను ఇవ్వవలసి ఉండి ఇవ్వని అచ్చు కాగితం జేబులోంచి తీశాడు. నాలుగో వరుసలో ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది: విత్తనం పైపొర చాలా గట్టిది, చల్లే ముందు ఇసుకతో రుద్ది గీకవలెను.

"ఇందులో రాసే ఉంది కదా!" అన్నాడు అతను.

"చీనా గింజ, ఇంగ్లీషు కాగితం, తెలుగు మొగుడు. ఎవరి మాట ఎవరికి తెలియాలండీ?" అంది గంగారత్నం.

ముత్యాలరాజు మాత్రం చిన్నబుచ్చుకోలేదు. తనిఖీదాకా పంటను ఉంచమన్నారు, ఉంచాలి. పొద్దున, సాయంత్రం కొల్లేటి నీళ్ళు కుండతో తెచ్చేవాడు. మొక్కకు పోసే ముందు పుక్కిట పట్టి ఉప్పదనం ఉందేమో చూసేవాడు. బాతులు తొక్కకుండా ఒక పాత మావు అడుగు ఊడదీసి మొక్క మీద బోర్లించాడు. చింతాకుల్లాంటి చిన్న ఆకులు జంటలు జంటలుగా వచ్చాయి, తీగ నేలమీద పాకింది. "నాకు చలిజ్వరం వచ్చిన నాడు కూడా ఈయన వేటకి పోయారండీ, పంతులు గారూ. దీనికి ఆకు ముడుచుకుంటే వేట మానేశారు" అని గంగారత్నం నాతో అన్నది. అన్నదే కాని, అతను లేని పూట కుండ మోసింది ఆవిడే.

పుష్యమాసంలో సంఘం నుంచి ఒక రేకు బోర్డు వచ్చింది. 'ప్రయోగ క్షేత్రం నెం. 14. ప్రవేశము నిషిద్ధము.' మూడడుగుల వెడల్పు, రెండు గుంజలు. షరతుల ప్రకారం దాన్ని పంటకు తూర్పున పాతాలి. పాతారు. బోర్డు నీడ సరిగ్గా మొక్క మీద పడింది, పొద్దెక్కేదాకా ఎండ తగలదు. బోర్డును పడమటికి మార్చడానికి అనుమతి ఇప్పించండని నేను ఉత్తరం రాశాను. మూడు వారాలకు జవాబు వచ్చింది. అందులోని వాక్యం అక్షరాలా ఎత్తి రాస్తున్నాను: 'బోర్డు సంఘపు ఆస్తి. మొక్కయు సంఘపు ఆస్తియే. సంఘపు ఆస్తి సంఘపు ఆస్తికి అడ్డము కాజాలదు.'

ముత్యాలరాజు ఈ వాక్యం రెండుసార్లు చదివించుకున్నాడు. మర్నాటి నుంచి గంగారత్నం పుట్టింటివారు పెట్టిన ఇత్తడి పళ్ళెం తీసుకుపోయి, బోర్డుకు ఎదురుగా కూర్చుని, ఎండను పళ్ళెంతో పట్టి మొక్క మీదికి తిప్పేవాడు. గంగారత్నం తమ్ముడు భీమరాజు గట్టు మీద నిలబడి కేక వేసేవాడు: "బావా! నీ పంట కోతకి ఎంతమంది కూలీలు కావాలి? నేనొక్కణ్ణీ చాలా?"

"నువ్వు రాకు బామ్మర్దీ. నీ కాలు పడితే పంటంతా పోతుంది."

మాఘమాసంలో అది పూసింది. ఏడెనిమిది చిన్న పూలు ఒక కాడ చివర గుండ్రంగా చేరి, ఊదారంగు గొడుగు విప్పినట్టు ఉన్నాయి. నేను కూడా వంగి చూశాను. ఇంత చిన్నది ఇంతమందిని ఇంత దూరం నడిపించబోతుందని అప్పుడు తెలియదు.

పట్టాభిరామయ్య వచ్చి నివేదిక నింపాడు. అతను అబద్ధమాడలేదు. ఇక్కడ జరిగిన తప్పును అతని మీద కాక, ఫారం మీద నేరంగా చెబుతున్నాను. మొలిచిన మొక్కలు ఎన్ని? ఒకటి. పూసినవి ఎన్ని? ఒకటి. పూత శాతం ఎంత? నూరు. ఎకరానికి ఎన్ని మొక్కలు మొలిచి ఉండాలో అడిగే గడి ఆ ఫారంలో లేదు. తణుకు దగ్గరి మడిలో ఎనభై శాతం పూసింది. నల్లజర్లలో అరవై. అత్తిలి మడిని గేదెలు మేశాయి. కనుక జిల్లా అంతటిలో ప్రథమ స్థానం నత్తలలంక పద్నాలుగో నంబరు మడిదని, ఇట్టి ఘనత సాధించిన రైతును సంఘం అభినందించుచున్నదని ఫిబ్రవరి 24న ఏలూరు నుంచి ఉత్తరం వచ్చింది.

ఫిబ్రవరి 27న ఇనస్పెక్టరు గారు స్వయంగా దోనె దిగారు. ఆయన పేరు రాయను, హోదా చాలు. గట్టు మీద నిలబడి నలుదిక్కులా చూశారు.

"పంట ఎక్కడ?"

ముత్యాలరాజు మావు ఎత్తి చూపించాడు.

"ఇది మొక్క. పంట ఎక్కడ?"

"ఇదేనండీ పంట. నూరుపాళ్ళు పూసింది."

ఇనస్పెక్టరు గారు మూడో నంబరు ఫారం విప్పారు. దాని ప్రకారం మడిలో పది మొక్కలు పీకి, వేళ్ళ బుడిపెలు లెక్కపెట్టి, సగటు రాయాలి.

"మిగతా తొమ్మిదేవి?"

"ఇదొక్కటేనండీ." ముత్యాలరాజు మొహం పక్కకు తిప్పుకున్నాడు. "పీకాలంటే దీన్నే పీకేయండి."

"ఒకటి పీకితే తనిఖీ కాదు. పైగా ఇది పీకానంటే మీ పూత నూరు నుంచి సున్నాకి పడుతుంది. ప్రథమ స్థానం వచ్చిన క్షేత్రాన్ని నా చేత్తో సున్నా చేశానంటే పైవాళ్ళకి ఏం చెప్పను?"

"పోనీ చూశారు కదండీ, సంతకం పెట్టేయండి. దున్నుకుంటాం" అంది గంగారత్నం.

"చూడటం వేరమ్మా, తనిఖీ వేరు."

ఆయన రాసిపోయిన వాక్యం ఇది: 'తనిఖీ అసంపూర్ణము. మిగిలిన తొమ్మిది మొక్కలు పూతకు వచ్చిన పిమ్మట పూర్తి చేయబడును.' దోనె ఎక్కుతూ ఆ తొమ్మిదీ ఎప్పటికి పూస్తాయని ముత్యాలరాజును మర్యాదగా అడిగారు కూడా.

చైత్రం ఎండలకు మొక్క చనిపోయింది. చలిలో పెరిగే జాతి, మన ఎండకు నిలవలేదు. ముత్యాలరాజు పళ్ళెం మానేసి తాటాకు పందిరి వేశాడు, నీళ్ళు రెట్టింపు చేశాడు. అయినా పోయింది. నల్లబడ్డ కాయలు పగిలి గింజలు నేలపాలయ్యాయి. 'పంట మరణించినది. తనిఖీకి ఇక వస్తువు లేదు. దున్నుటకు అనుమతి వేడుచున్నాము' అని ఏప్రిల్ 22న రాశాను. మే 19న జవాబు: 'మొక్క ఎండినను దాని విత్తనము అదే నేలలో పడియున్నది గనుక పంట విత్తన దశలో కొనసాగుచున్నట్లే భావించవలెను. ఏడవ షరతు అమలులో ఉన్నది.'

ఆ తర్వాత రెండు నెలలు అతను ఎండుపుల్లకు కాపలా కాశాడు. నీళ్ళు కూడా పోశాడు. ఎందుకని నేను కోప్పడితే, "విత్తన దశలో ఉందంటున్నారు కదండీ, దాహం వేస్తుందేమో" అన్నాడు. వెక్కిరింపుగా అన్నాడో, నిజంగానే అన్నాడో ఈనాటికీ నాకు తెలియదు.

జూన్‌లో కాలువలకు నీళ్ళు వదిలారు. చుట్టూ మడులన్నిటిలో దుక్కులు సాగాయి. జూలై 12న గంగారత్నం తమ్ముడి మెరక నేలలో కాస్త చోటు అడిగి నారు పోసింది. నారు పచ్చగా లేచింది. ఎదురుగా ఎకరం బీడుగా ఉంది. ముత్యాలరాజు నా అరుగు మీద కూర్చుని అడిగాడు.

"దున్నితే ఏడో షరతు కింద మడి పోతుంది. దున్నకపోతే పదకొండో షరతు కింద పోతుంది. ఏ షరతు కింద పోతే తక్కువ పోతుందండీ, పంతులు గారూ?"

మే నెలాఖరు నుంచి అప్పటికే నేను ఆరు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. అప్పుడు అతనికి ఒక ఆలోచన వచ్చింది. "తనిఖీ కావలసింది మొక్కకి కదండీ. వాళ్ళు రాలేకపోతే మొక్కనే వాళ్ళ దగ్గరికి తీసుకెళ్తే?" నేను తల ఊపాను. ఆ తప్పు నాది. దాన్ని ఇక్కడ రాయకపోతే మిగతా కాగితాలన్నీ దాచిన దానికి అర్థం లేదు.

ఎండిన మొక్క చుట్టూ మూరెడు మేర, మూరెడు లోతున, ఒక్క వేరు తెగకుండా మట్టిగడ్డను కోసి తీశాడు. రాలిన గింజలు పోకుండా పైన తడిగుడ్డ కప్పాడు. తాటిదోనెలో గడ్డను నడుమ పెట్టి, అతను ముందు, నేను వెనక కూర్చున్నాం. కొల్లేరు దాటి, అక్కడి నుంచి ఎద్దుబండి మీద ఏలూరు చేరి, జూలై 21న సంఘం వరండాలో దించాం. గుమాస్తా ఎలీయాజరు మంచివాడు. గడ్డను చూడగానే లేచి వచ్చి లోపలి గది తలుపు దగ్గరగా వేశాడు.

"అయ్యయ్యో, దీన్నెందుకు తెచ్చారండీ? నేను చూడలేదనుకుంటాను. ఎవరూ రాకముందే పట్టుకుపోండి."

"మీరు పిలిస్తే అది నడిచి రాలేదు కదండీ, మోసుకొచ్చాం" అన్నాడు ముత్యాలరాజు.

ఇంతలో ఇనస్పెక్టరు గారు బయటికి వచ్చారు. గడ్డ చుట్టూ ఒకసారి తిరిగి, టేపు తెప్పించి నాలుగు వైపులా కొలిపించారు.

"తనిఖీ చేయకుండానే మడిలోంచి మూరెడు లోతు మట్టి లేచింది. దీన్ని ఏమంటారు?"

"మొక్క అంటారండీ."

"దుక్కి అంటారు."

ఎంత వాదించినా అంతే. వచ్చిన దారినే గడ్డను తీసుకుపోయి, తీసిన గోతిలోనే దించాం. అతుకు కనబడకుండా కూర్చుంది. మడిలో మిగిలిన నేలను ముత్యాలరాజు ముట్టలేదు. తనిఖీ కాలేదు కదా. జూలై నెల గడిచిపోయింది.

ఆగస్టు 3 నోటీసులో ఉన్నది ఇది. ఒకటి: సదరు రైతు తనిఖీకి ముందే మడిని దున్నినందున ఏడవ షరతు ఉల్లంఘించెను. రెండు: సదరు రైతు గడువులోగా మడిని దున్ననందున పదకొండవ షరతు ఉల్లంఘించెను. కనుక ఆగస్టు 31 నాటికి మడిని సంఘమునకు అప్పగించవలెను. దానికి జతపరచిన రెండో కాగితంలో, పూతలో ప్రథమ స్థానం పొందిన రైతుగా సెప్టెంబరులో ఏలూరు సభకు వచ్చి తన అనుభవములు చెప్పవలసిందని ఆహ్వానం ఉంది. రెండు కాగితాల మీదా సంతకం ఒకరిదే.

సంఘం అధ్యక్షులవారికీ, ఇనస్పెక్టరు గారికీ నేను రాసేది ఇది. నేడు ఆగస్టు 14. గంగారత్నం పోసిన నారుకు ముప్పైమూడు రోజులు నిండాయి. నలభై దాటితే నారు ముదిరిపోతుంది, నాటినా పిలకలు వేయదు. మీ ఫారాలకు ముదరడం లేదు, నారుకు ఉంది. వచ్చే శనివారానికి నలభై. ఆ లోపల నోటీసు రద్దు చేసి, మడి దున్నుకోమన్న కాగితం మీ సంతకంతో నత్తలలంకకు తెచ్చి ఇవ్వండి. తేలేకపోతే, అదే శనివారం మీరే వచ్చి పంచె పైకి కట్టుకుని నారుమడిలో దిగి, గంగారత్నం చూస్తుండగా ఆ నారంతా మీ చేతులతో పీకి గట్టున పడేసి పోండి.